రంగును చూడటమే కాదు, చదవడం కూడా నేర్చుకుందాం



వార్షికోత్సవ సంచిక అనగానే మనలో చాలామందిమి విద్య గొప్పతనం గురించో, క్రమశిక్షణ గురించో, సెల్‌ఫోన్ వల్ల లాభనష్టాల గురించో రాస్తుంటాం. అవి రాయవలసినవే. అయితే ఈసారి నేను ఒక చిన్న విషయం ఎంచుకున్నాను. కంప్యూటరులో ఒక వెబ్ పేజీ తెరిచినప్పుడు అందులో కనిపించే రంగు ఏమిటో కచ్చితంగా చెప్పే 'కలర్ పికర్' అనే ఎక్స్‌టెన్షన్ గురించి. "ఎరుపు ఎరుపే, పసుపు పసుపే, అది కూడా కంప్యూటరు చెప్పాలా?" అని మీరు నవ్వవచ్చు. నవ్వండి గానీ చివరిదాకా చదవండి.

నా అభిప్రాయం ఒక్కటే. రంగు అందరి కళ్లకూ ఒకేలా కనబడదు. సంఖ్య మాత్రం అందరికీ ఒకటే. ఆ సంఖ్యను చదవడం వస్తే మన చేతికి ఒక పని వస్తుంది, తోటివాడికి న్యాయం జరిగే దారీ దొరుకుతుంది. కాబట్టి మన హాస్టళ్లలో కంప్యూటరు నేర్పేటప్పుడు టైపింగు తర్వాత నేర్పవలసింది ఇదేనని నా వాదన.

ముందుగా అసలు విషయం చెబుతాను. కంప్యూటరు తెర మీద కనిపించే ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు కాంతుల కలయిక. ఈ సూత్రం కంప్యూటరుతో పుట్టింది కాదు. 1861లోనే జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త మూడు రంగుల ఫిల్టర్లతో తీసిన ఫొటోలను ఒకదానిమీద ఒకటి వేసి రంగుల బొమ్మ చూపించాడు. కంప్యూటరు ఒక్కొక్క కాంతికి 0 నుంచి 255 వరకు ఒక అంకె ఇస్తుంది. మూడూ 0 అయితే నలుపు. మూడూ 255 అయితే తెలుపు. 255, 0, 0 అయితే అచ్చమైన ఎరుపు. ఇలా 256ను మూడుసార్లు గుణిస్తే 1,67,77,216 రంగులు వస్తాయి. మనం పదో తరగతి లెక్కల్లో చేసినంత కష్టం కూడా ఇందులో లేదు.

వెబ్ పేజీ మీద మనకు నచ్చిన చోట సూదిమొన లాంటి గుర్తు పెట్టి నొక్కితే ఆ మూడు అంకెలనూ చూపించేదే కలర్ పికర్. 2004లో అలెక్స్ సిరోటా అనే ప్రోగ్రామర్ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోసం 'కలర్‌జిల్లా' అనే ఎక్స్‌టెన్షన్ తయారుచేశాడు. తర్వాత ఇలాంటివి ఎన్నో వచ్చాయి. పైసా ఖర్చు లేదు. పెద్ద కంపెనీ లక్షలు పోసి చేయించుకున్న పేజీ అయినా, దాని మీద పెట్టి నొక్కితే ఏ రంగు ఎంత కలిపారో చెప్పేస్తుంది. అంటే ఆ అందంలో మాయ ఏమీ లేదు, లెక్క ఉందన్నమాట. మొదటి తరం చదువుకున్న మనలాంటి వాళ్లకు ఈ సంగతి తెలియడం చాలా అవసరం. ఎందుకంటే "అది మనవల్ల అయ్యే పని కాదులే" అనే మాట మనం చిన్నప్పటి నుంచి విని విని ఉన్నాం.

రంగులు గుర్తుపట్టడంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. మా నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. చెట్టు కింద నిలబడి గెల రంగు చూసి, ఏది బొండాలకు పనికొస్తుందో, ఏది ఇంకా ముదరాలో చెప్పగలడు. మా అమ్మ చీరల కొట్టులో కూర్చుంటే నెమలికంఠం, చిలకపచ్చ, కనకాంబరం, వంకాయ రంగు, ఉల్లిపొర రంగు, మెంతి రంగు అంటూ పేరు పెట్టి అడుగుతుంది. ఆ పేర్లు ఏ పుస్తకంలో చదివి నేర్చుకున్నది? ఇది కూడా చదువే. దానికి సర్టిఫికెట్ లేదు, అంతే తేడా.

వెబ్ పేజీలు తయారుచేసేవారి కోసం కూడా రంగులకు 140 పైచిలుకు పేర్ల జాబితా ఒకటి ఉంది. అందులో మన కనకాంబరం లేదు, నెమలికంఠం లేదు. మన దేశం పేరుతో 'ఇండియన్ రెడ్' ఒకటుంది. ఖాకీ కూడా ఉంది. కానీ ఆ ఖాకీని తెర మీద చూస్తే మీకు నవ్వొస్తుంది. 240, 230, 140 అంకెలతో లేత పసుపులా ఉంటుంది. బడికి ఖాకీ నిక్కరు తొడుక్కుని వెళ్లిన మన పూర్వ విద్యార్థులెవరూ దాన్ని ఖాకీ అని ఒప్పుకోరు! పేరును నమ్ముకుంటే ఇలాగే ఉంటుంది. ఒకరి ఖాకీ ఇంకొకరి ఖాకీ కాదు. అంకె చెబితే తగాదా లేదు.

ఆ జాబితాలోనే 'రెబెక్కా పర్పుల్' అనే ఊదారంగు ఉంది. అంకెలు 102, 51, 153. వెబ్ పేజీల రూపకల్పన గురించి పుస్తకాలు రాసి ఎందరికో నేర్పిన ఎరిక్ మేయర్ కూతురు రెబెక్కా 2014 జూన్‌లో తన ఆరో పుట్టినరోజు నాడే కేన్సర్‌తో కన్నుమూసింది. ఆ పాపకు ఊదారంగంటే ఇష్టం. ఆ తండ్రి దుఃఖంలో పాలుపంచుకోవడానికి తోటి నిపుణులు ఆ రంగుకు పాప పేరు పెట్టి జాబితాలో చేర్చారు. ఈరోజు ఏ బ్రౌజర్‌లోనైనా ఆ పేరు రాస్తే ఆ రంగు వస్తుంది. దీన్నిబట్టి నాకు అర్థమైనదేమిటంటే, ఆ జాబితాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. మనుషులు కూర్చుని రాసుకున్నారు. అక్కడ మనవాళ్లు కూర్చున్న రోజున మన పేర్లూ వస్తాయి.

ఇక అసలు బాధ దగ్గరకు వస్తాను. నేను హాస్టల్‌లో ఉన్న రోజుల్లో నాకంటే రెండు తరగతులు చిన్నవాడైన తమ్ముడొకడు ఉండేవాడు. మంచి తెలివైనవాడు. కాలేజీ సీట్ల పట్టిక ఒకటి తెర మీద పెడితే, ఖాళీగా ఉన్నవి ఆకుపచ్చలోనూ నిండిపోయినవి ఎరుపులోనూ ఉండేవి. వాడికి రెండూ ఒకే మట్టిరంగులా కనిపించేవి. ప్రతి గడికీ పక్కవాడిని అడగాలి. అడిగితే ఆటపట్టించేవాళ్లు. కలర్ పికర్ పెట్టిచ్చాక వాడే సొంతంగా నొక్కి చూసుకున్నాడు. "అన్నా, మొదటి అంకె పెద్దదైతే ఎరుపు, మధ్య అంకె పెద్దదైతే ఆకుపచ్చ, అంతేగా?" అన్నాడు. అంతే తమ్ముడూ! ఒకరిని బతిమాలకుండా సొంతంగా తెలుసుకోవడంలో ఉన్న గౌరవం ఎంతటిదో మన హాస్టల్ పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియకపోవడం రోగమూ కాదు, తెలివితక్కువతనమూ కాదు. పుట్టుకతో వచ్చేది. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కే ఈ ఇబ్బంది ఉండేది. 1794లో ఆయన తన చూపు గురించి తానే శాస్త్రీయంగా రాసి చదివాడు. దానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి కనుక ఇది మగవారిలోనే ఎక్కువ. ఐరోపా సంతతి మగవారిలో సుమారు 8 శాతం మందికి ఉంటుందని లెక్క. మన దేశంలో అంతకంటే తక్కువే అయినా, వందమంది అబ్బాయిలున్న హాస్టల్‌లో ఒకరో ఇద్దరో ముగ్గురో ఉండడంలో ఆశ్చర్యం లేదు. వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

తెలియకపోతే వచ్చే నష్టం చిన్నది కాదు. మనలో ఎంతోమంది రైల్వే ఉద్యోగాలకు రాత్రింబవళ్లు చదువుతారు. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి రంగుల చూపు తప్పనిసరి. సిగ్నల్ చూసి బండి నడపాలి కాబట్టి అది న్యాయమైన నిబంధనే. కానీ రెండేళ్లు చదివి, రాతపరీక్ష నెగ్గి, చివరికి వైద్యపరీక్షలో మొదటిసారి ఈ సంగతి తెలిస్తే ఆ కుర్రవాడి పరిస్థితి ఏమిటి? చుక్కల మధ్య అంకె గుర్తుపట్టే ఇషిహారా పరీక్ష 1917 నుంచి ఉంది. అయిదు నిమిషాల పని. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగంలో ముందే చూపించుకుంటే దారి మార్చుకోవచ్చు. ఒక దారి మూసుకుపోతే అన్నీ మూసుకుపోయినట్టు కాదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పూణేలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ వారిని, రంగులు సరిగా గుర్తుపట్టలేని వారికి కూడా అన్ని కోర్సుల్లో ప్రవేశం ఇవ్వాలని ఆదేశించింది. సినిమాకే పనికొచ్చినవాడు వెబ్ పేజీలకు పనికిరాడా? అంకెలు చదవడం వస్తే నిక్షేపంగా పనికొస్తాడు.

ఈ ఇబ్బంది లేనివాళ్లకు కూడా రంగుల వల్ల వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. కొన్ని పేజీలలో తెల్లని నేల మీద లేత బూడిదరంగు అక్షరాలు పెడతారు. ఏసీ గదిలో పెద్ద తెర మీద తయారుచేసినవాడికి అది అందంగానే ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో చేనుగట్టున నిలబడి, గీతలు పడిన ఫోన్‌లో చూసే మన తల్లిదండ్రులకు అది ఖాళీ కాగితంలా ఉంటుంది. పైగా మన తెలుగు అక్షరానికి తలకట్టు, వత్తు, కొమ్ము, సున్న ఇలా చిన్న చిన్న గుర్తులెన్నో. ద కింద గీత కనబడితే ధ, కనబడకపోతే ద. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే లేతరంగు మన అక్షరాలకు సరిపోదని నా గట్టి నమ్మకం.

దీనికి కూడా లెక్క ఉంది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2008 డిసెంబరులో విడుదల చేసిన ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరానికి, దాని వెనుక రంగుకు మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి. తెలుపు మీద నలుపుకు అది 21:1. తెలుపు మీద 153, 153, 153 అనే బూడిదరంగుకు 2.85 మాత్రమే. ఇంకో విచిత్రం చూడండి. తెలుపు మీద అచ్చమైన ఎరుపుకు దాదాపు 4:1 మాత్రమే వస్తుంది. అంటే 'చివరి తేదీ' అని ఎర్రగా చిన్న అక్షరాలతో రాసిన హెచ్చరికే ప్రమాణానికి అందడం లేదన్నమాట! రంగు ఒక్కదాని మీదే ఆధారపడి విషయం చెప్పకూడదని కూడా ఆ ప్రమాణాల్లో ఉంది. ఆకుపచ్చ గడిలో 'ఖాళీ ఉంది' అని ఒక్క మాట రాసి ఉంటే మా తమ్ముడికి ఏ పికరూ అవసరం వచ్చేది కాదు.

మన దేశంలోనూ ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లోనే మార్గదర్శకాలు వచ్చాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. హక్కు ఉందని తెలిస్తే చాలదు. "సార్, మీ పేజీ కనబడటం లేదు" అంటే "నీ కళ్లు చూపించుకో" అంటారు. "మీ అక్షరం రంగు ఇంత, వెనుక రంగు ఇంత, తేడా 2.85, ఉండవలసింది 4.5" అని రాసి ఇస్తే సమాధానం చెప్పి తీరాలి. అర్జీకి అంకె తోడైతే బలం. ఇది మనం నేర్చుకోవలసిన విద్య.

ఇక ఉపాధి సంగతి. అమలాపురం పక్కనే ఉన్న బండారులంక చేనేత చీరలకు పేరుపొందిన ఊరు. ఇప్పుడు చీరను ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి అమ్మడం మామూలైపోయింది. "ఫొటోలో ఒక రంగు, చేతికొచ్చాక ఇంకో రంగు" అని చీర వెనక్కి వస్తే రానూపోనూ ఖర్చు ఎవరికి? నేతగాడికే. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కలర్ పికర్‌కు తెలిసేది ఫొటోలోని రంగు, చీర రంగు కాదు. నీడలో తీస్తే ఒకటి, ట్యూబులైటు కింద తీస్తే మరొకటి వస్తుంది. దానికి ఒక ఉపాయం ఉంది. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ఫొటో తీయండి. ఆ కాగితం మీద పికర్‌తో నొక్కండి. మూడు అంకెలూ దాదాపు సమానంగా ఉంటే వెలుతురు సరిగా ఉన్నట్టు. నీలం అంకె బాగా పెరిగితే ఫొటో నీలంగా తిరిగినట్టు. ఎరుపు పెరిగి నీలం తగ్గితే పచ్చబారినట్టు. ఆ మేరకు సరిచేసి, అప్పుడు చీర ఫొటో పెట్టండి. ఈ పని తెలిసిన ఇంటర్ చదివే అమ్మాయి ఒక్కతి వీధికి ఉంటే ఎన్ని మగ్గాలకు మేలు జరుగుతుందో ఆలోచించండి.

ఇంత మంచి చెప్పాను కాబట్టి చెడు కూడా చెప్పాలి. ఉచితంగా వచ్చిన ప్రతిదీ మంచిది కాదు. 2025 జూలైలో కోయ్ సెక్యూరిటీ అనే సంస్థ పరిశోధకులు, పైకి మామూలుగా పనిచేస్తూనే లోపల వాడేవారి కదలికలను బయటికి పంపుతున్న 18 బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల గుట్టు బయటపెట్టారు. అన్నీ కలిపి సుమారు 23 లక్షల మంది కంప్యూటర్లలో అవి ఉన్నాయి. వాటిలో ఒక కలర్ పికర్ కూడా ఉంది! రంగు సరిగానే చెప్పేది. మంచి రేటింగు ఉండేది. మనం ఏ పేజీ తెరిచామో ఆ సంగతి కూడా ఎక్కడికో చేరవేసేది. మొదట్లో శుభ్రంగా ఉండి, తర్వాత వచ్చే అప్‌డేట్‌లో విషం కలవడం ఇలాంటి వాటి పద్ధతి.

మన హాస్టల్ కంప్యూటరు ఒక్కరిది కాదు. అందులోనే ఉపకార వేతనం దరఖాస్తు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా అన్నీ తెరుస్తాం. ఒకరు తెలియక పెట్టిన ఎక్స్‌టెన్షన్ వల్ల వందమందికి ముప్పు. కాబట్టి నా సలహా ఇది. అసలు ఎక్స్‌టెన్షన్ లేకుండానే పని జరిగే దారి ఉంది. ఫైర్‌ఫాక్స్ మెనూలో 'మోర్ టూల్స్' కింద 'ఐడ్రాపర్' అని బ్రౌజర్‌తోపాటే వస్తుంది. క్రోమ్‌లో ఎఫ్12 మీట నొక్కితే వచ్చే పట్టికలో రంగు గడి మీద నొక్కితే చాలు, అంకెతోపాటు అక్షరానికీ వెనుక రంగుకూ ఉన్న తేడా కూడా చూపిస్తుంది. అవి సరిపోవు, ఎక్స్‌టెన్షనే కావాలి అనుకుంటే, అది ఏమేమి అనుమతులు అడుగుతోందో చదవండి. రంగు చెప్పడానికి వచ్చినవాడు "మీరు చూసే ప్రతి వెబ్‌సైటులోని సమాచారమూ చదువుతాను" అంటే "ఎందుకు?" అని అడగండి. జవాబు నచ్చకపోతే గుమ్మంలోనుంచే పంపేయండి.

చివరగా వార్డెన్ గారికి, హాస్టల్ కమిటీకి, పూర్వ విద్యార్థులకు నా విన్నపాలు మూడు.

మొదటిది, ఆదివారం ఒక గంట కంప్యూటరు దరఖాస్తుల కోసం కాకుండా నేర్చుకోవడం కోసం కేటాయించాలి. ఇప్పుడు మన కంప్యూటరు ఫారాలు నింపే యంత్రంగానే ఉంది. ఫోన్ ఉంది కదా అంటారు. ఫోన్‌లోని క్రోమ్‌లో ఈ పనిముట్లు మామూలుగా దొరకవు. పేజీని చూడటానికి ఫోన్ చాలు, పేజీని విప్పి చూడటానికి కంప్యూటరు కావాలి.

రెండోది, ప్రతి ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలందరికీ రంగుల చూపు పరీక్ష చేయించాలి. ఎవరికి ఏమి తేలిందో ఆ పిల్లవాడికీ, తల్లిదండ్రులకూ మాత్రమే చెప్పాలి. నలుగురిలో చెప్పి నవ్వులపాలు చేయకూడదు.

మూడోది పిల్లలకు. వచ్చే వార్షికోత్సవానికి మనమే 'కోనసీమ రంగుల పట్టిక' తయారుచేద్దాం. కనకాంబరం, నెమలికంఠం, చిలకపచ్చ, నాట్లు వేసిన చేను పచ్చ, ముదిరిన కొబ్బరాకు పచ్చ, వరదొచ్చినప్పటి గోదారి ఎరుపు. పక్కన తెల్ల కాగితం పెట్టి ఫొటోలు తీసి, ఒక్కొక్క రంగుకు అంకెలు రాద్దాం. పేర్లు మాత్రం మన అమ్మానాన్నలను, బండారులంక నేతగాళ్లను అడిగి రాసుకుందాం. వాళ్ల కంటికి మన లెక్క తోడైతే అది మన హాస్టల్ పిల్లలు లోకానికి ఇచ్చిన పట్టిక అవుతుంది.

మిత్రులారా! ఇన్నాళ్లూ ఎవరో గీసిన పేజీలను మనం చూస్తూ వచ్చాం. ఇక వాటిని చదువుదాం, ప్రశ్నిద్దాం, రేపు మనమే తయారుచేద్దాం. మనం తయారుచేసిన పేజీ ఎండలో నిలబడిన కూలీకీ, రంగులు తేడా తెలియని తమ్ముడికీ కూడా కనబడేలా ఉండాలి. చదువుకున్నందుకు మనం తీర్చుకోవలసిన రుణం అదే.

– పూర్వ విద్యార్థి, ఎం.సి.ఎ. ద్వితీయ సంవత్సరం